కూలిబా బెండ్ పత్తిలో చావని పేనుబంక

నెవిల్ ఫెన్విక్ మెట్లెక్కి వచ్చేసరికి క్లెమ్ హార్టిగన్ బూట్లు విప్పి, బల్ల కింద కాళ్లు ఫ్యాను గాలికి చాపుకుని కూర్చుని ఉన్నాడు. జనవరి ఎండకి టామ్‌వర్త్ ఊరు ఊరంతా సోలిపోయి ఉంది. ఆ వారంలో అప్పటికే మూడు కేసులు వద్దని తిప్పి పంపించాడాయన. అరవై రెండేళ్లొచ్చాయి, మోకాళ్లు అరిగాయి, మనుషులు ఒకళ్లనొకళ్లు మోసం చేసుకునే పద్ధతుల్లో కొత్తవేమీ మిగల్లేదని ఆయన అభిప్రాయం. పదకొండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న లోర్నా వికరీ ఆ మాట ఎప్పుడూ నమ్మలేదు. అంతకుముందు ఆమె కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసేది. అబద్ధాన్ని చెవితో పట్టడం అక్కడే నేర్చుకుంది. కంటితో పట్టడం మాత్రం హార్టిగన్ దగ్గరే చూసింది.

వచ్చినవాడికి యాభై ఏడెనిమిదేళ్లుంటాయి. టోపీ రెండు చేతుల్తో పట్టుకుని, దాని అంచు తిప్పుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను దొంగని కానండి," అన్నాడు.

"దొంగలైతే ఆ మాటతో మొదలుపెట్టరు. ముందు కూర్చోండి," అన్నాడు హార్టిగన్. "లోర్నా, ఈయనకి కాసిని చన్నీళ్లివ్వు."

నెవిల్ గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడగడానికి మొహమాటపడ్డాడు. లోర్నా అడక్కుండానే నింపింది.

అతనిది బర్రాగుల్. నమోయ్ నది పక్కన, ఎటు చూసినా పత్తి చేలుండే ఊరు. అక్కడి రన్‌వే మీద, చేలకి మందు కొట్టే విమానంలోకి పురుగుమందు కలిపి నింపడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. పదకొండో తారీఖున కూలిబా బెండ్ అనే కమతంలో ఏడో నంబరు చేనుకి మందు కలిపిచ్చాడు. ఆకుల కింద పేరుకుపోయిన పేనుబంక వారం తిరిగేసరికి చావకపోగా రెట్టింపయింది.

"ప్రతి లోడు నుంచీ ఒక చిన్న సీసాడు తీసి, చీటీ అంటించి, ఫ్రిజ్‌లో పెడతామండి. పత్తి తీసేదాకా ఉంచుతాం. అది మా పద్ధతి. ట్రెలోర్ గారు, ఆ కమతం యజమాని, ఆ సీసా పరీక్షకి పంపించారు. ఉండాల్సిన మందులో మూడో వంతు కూడా లేదని వచ్చింది. నేను చిక్కటి మందు దొంగిలించి ఎవరికో అమ్ముకుని, నీళ్లు కలిపి విమానంలో పోశానంటున్నారు."

"మీరు పోశారా?"

"లేదండి."

"పోలీసులు?"

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఫిర్యాదు ఇస్తానన్నారు ట్రెలోర్ గారు. ఫిర్యాదు పడితే నా లైసెన్సు పోతుంది. ఈ వయసులో ఇంకో పని నేర్చుకోలేను. అదలా ఉంచండి..." అతను టోపీ అంచు మళ్లీ తిప్పాడు. "మొన్న రొట్టెల కొట్టుకెళ్లాను. నేను లోపలికి అడుగుపెట్టగానే మాటలాపేశారు. ఇరవై ఆరేళ్లుగా ఆ కొట్లో నా మీద జోకులేసినవాళ్లే."

ఆ రోజు బుధవారం. హార్టిగన్ కాసేపు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత వంగి, మూలుగుతూ బూట్లు తొడుక్కున్నాడు.

*

బర్రాగుల్ రన్‌వే అంటే ఎర్రమట్టి దారి, పక్కన ఒక రేకుల షెడ్డు. మిరియాల చెట్టు నీడలో ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. కొత్తవాళ్లు దిగగానే అది లేచి, ఉన్న ఆ కాస్త నీడా వాళ్లకొదిలేసి, షెడ్డు కిందికి దూరింది. అంత మర్యాద మనుషుల్లో చూసి చాలాకాలమైందని లోర్నాకు అనిపించింది.

బెవ్ కానింగ్ విమానం రెక్క కింద నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రన్‌వే ఆమెది, విమానం ఆమెది, తోలేదీ ఆమే.

"డిటెక్టివ్‌ని పట్టుకొచ్చావా నెవ్? నేనింకా పాస్టర్‌ని తెస్తావేమో అనుకున్నా," అంది. తర్వాత హార్టిగన్ వైపు తిరిగింది. "చూడండీ, వీడిని పనిలోంచి ఆపింది నేనే. ఆపకపోతే ఈ లోయలో ఒక్క రైతు నన్ను పిలవడు. కానీ వీడు దొంగతనం చేశాడని నా నోటితో చెప్పించలేరు. వీడు టీలో చక్కెర కూడా కొలిచి వేసుకుంటాడు."

"ఖాళీ డ్రమ్ములు?"

"కడిగి, కన్నం పొడిచి, లెక్కపెట్టి పెట్టాం. ఒక్కటి తేడా లేదు."

"ఆ రోజు గాలి ఎటు నుంచి?"

"ఉత్తరం నుంచి. అందుకని సాళ్లకి అడ్డంగా ఎగిరాను, తూర్పు నుంచి పడమరకి. సాళ్లు ఉత్తర దక్షిణాలు. లాగ్‌ పుస్తకంలో ఉంది, చూసుకోండి."

"ఎన్ని లోడ్లు?"

"ఒకటే. నూటిరవై ఎకరాలకి ఒక్క లోడు సరిపోయింది."

హార్టిగన్ ఆ పుస్తకం చూశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్లి పాత ఫ్రిజ్ తలుపు తీశాడు. చీటీలంటించిన సీసాలు ఒక అరలో, బీరు డబ్బాలు ఇంకో అరలో ఉన్నాయి. తలుపుకి తాళం లేదు. ఒక సీసా మూత విప్పి మళ్లీ బిగించాడు. దాని మీద ఏ ముద్రా లేదు.

"మందు కలిపే నీళ్లు ఎక్కడివి?" అని అడిగాడు.

"నది నుంచి పంపుతో తోడతాం," అన్నాడు నెవిల్. "అన్నిటికీ అవే."

"పదకొండు నుంచి సీసా పరీక్షకి వెళ్లేదాకా ఈ ఫ్రిజ్ దగ్గరికి ఎవరెవరొచ్చారు?"

బెవ్ నవ్వింది. "బీరుంది కదండీ, రాని వాడెవడు? కెరిన్ వచ్చింది. కెరిన్ మోస్, చేలల్లో పురుగులు లెక్కపెట్టి ఏ మందు కొట్టాలో చెప్పే అమ్మాయి. ట్రెలోర్ రెండుసార్లు అరవడానికొచ్చాడు, కానీ కారు దిగలేదు. వాళ్ల మేనేజరు డగ్లస్ ప్రైక్ గరాటా తిరిగివ్వడానికొచ్చాడు."

"ఎప్పుడు?"

"ఆదివారం," అన్నాడు నెవిల్. "నేనూ బెవ్ చర్చి నుంచొచ్చేసరికి ఇక్కడే కూర్చుని బీరు తాగుతున్నాడు. నాకూ ఒకటిచ్చాడు. మంచివాడేనండి."

*

కూలిబా బెండ్ కమతంలో హ్యూ ట్రెలోర్ ఆఫీసు గదిలో ఎదురుచూస్తున్నాడు. పొడుగ్గా, ఎర్రగా, ఏదీ రెండోసారి చెప్పడం ఇష్టంలేని మనిషి. పక్కన డగ్లస్ ప్రైక్, యాభై దాటినవాడు, గుండ్రటి ముఖం, ఎప్పుడూ ఎవరినో సమాధానపరుస్తున్నట్టుండే గొంతు. కిటికీ దగ్గర కెరిన్ మోస్, ముప్పై ఏళ్ల మనిషి, మెడలో భూతద్దం తాడు వేలాడుతోంది.

"మందులో నీళ్లు కలిపారని కాగితం మీద ఉంది. ఇంకేం వెతుకుతారు మీరు?" అన్నాడు ట్రెలోర్.

"నాకూ అదే సందేహం," అన్నాడు హార్టిగన్ నెమ్మదిగా. "అందుకే వచ్చాను."

ప్రైక్ టీ పోసిచ్చాడు. లోర్నా ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేసింది. టీ నల్లగా, చప్పగా, నాలుక మీద సబ్బులా ఉంది.

"మా బోరు నీళ్ల మహిమ అండీ," అన్నాడు ప్రైక్, క్షమాపణగా. "సోడా ఎక్కువ. అలవాటైతే ఏం కాదు."

చేతులు కడుక్కోవడానికి వెళితే నీళ్లు ఎంత పోసుకున్నా లోర్నా వేళ్ల మధ్య జారుడు పోలేదు. చివరికి పావడాకే తుడుచుకుంది.

"ఈ ఏడాది ఏడో నంబరు చేనులో ఏయే మందులు వాడారు?" అని అడిగాడు హార్టిగన్.

"ఈ ఒక్కటే," అంది కెరిన్. "నా డైరీలో ఇంకేమీ లేదు."

"విత్తేటప్పుడు సాలులో పురుగుమందు గుళికలేమైనా వేశారా?"

"లేవు," అన్నాడు ట్రెలోర్. "మూడేళ్ల కిందట లోయలోని రైతులమందరం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. గుళికలు వేసిన చేనుకి ఆ తర్వాత కొట్టే మొదటి మందు వేరే జాతిదై ఉండాలి. మేం అసలు గుళికలే మానేశాం. ఏం డగ్?"

"మానేశాం," అన్నాడు ప్రైక్.

"మందు మీద నాకేమీ అనుమానం లేదు," అంది కెరిన్, ఎవరూ అడగకుండానే. "కానీ నేను చెప్పిన సలహా తప్పైతే నా పనీ పోతుంది. కాబట్టి నా మాట కూడా అనుమానించండి."

హార్టిగన్ ఆమె వైపు కొంచెం ఇష్టంగా చూశాడు.

చేనులోకి నడిచారు. పత్తి మొక్కలు తొడల ఎత్తున ఉన్నాయి. ఆకు తిప్పి చూస్తే అడుగంతా పచ్చటి చిన్న పేనుబంక ఇసక పోసినట్టుంది. కింది ఆకుల మీద తేనెబంక మెరుస్తోంది. అది అంటిన దూదిని ఏ జిన్నింగు మిల్లూ తీసుకోదు. లోర్నా బూట్లకి ఆకులు అతుక్కున్నాయి. ఒక ఆకు మీద అక్షింతల పురుగొకటి పేనుబంకని తాపీగా భోంచేస్తోంది. ఆ చేనంతటికీ పనిచేస్తున్నది అదొక్కటే.

హార్టిగన్ ఎండలో టోపీ ముందుకు లాక్కుని, తూర్పు గట్టు దాకా సాళ్లకి అడ్డంగా నడుస్తూ పోయాడు. ప్రైక్ చెమట తుడుచుకుంటూ వెనకే వచ్చాడు.

"ఎందుకండీ ఈ ఎండలో శ్రమ? అంతా ఒకేలా ఉంటుంది."

ఒకేలా లేదు. చివరికొచ్చేసరికి ఆకులు శుభ్రంగా ఉన్నాయి. అడుగున ఎండిపోయిన పేనుబంక పొట్టు మాత్రమే ఉంది. హార్టిగన్ వేలితో సాళ్లు లెక్కపెట్టాడు. మళ్లీ వెనక్కి లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగు. రాసుకో లోర్నా. ఈ గట్టు నుంచి ఇరవై నాలుగు సాళ్లు, ఈ చివర నుంచి ఆ చివర దాకా."

"గట్టు పక్కన గాలి బాగా ఆడుతుంది కదండీ," అన్నాడు ప్రైక్.

"అయ్యుండొచ్చు."

కెరిన్ మాత్రం ఆ మాటకి ప్రైక్ వైపు వింతగా చూసింది. హార్టిగన్ ఆమెని పక్కకి పిలిచి ఏదో అడిగాడు. ఆమె తలూపి, చేను నడుమ నుంచి కొన్ని ఆకులూ, చివరి సాళ్లలో దొరికిన నాలుగైదు బతికిన పురుగులున్న ఆకులూ వేరువేరు డబ్బాల్లో పెట్టుకుంది.

తిరిగొస్తూ యంత్రాల షెడ్డు దగ్గర ఆగారు. విత్తే యంత్రం మూల నిలబెట్టి ఉంది. పన్నెండు సాళ్లు ఒకేసారి విత్తేది. ఒక్కొక్క సాలుకి రెండు డబ్బాలు, విత్తనాలకి పెద్దది, గుళికలకి చిన్నది. షెడ్డులో ప్రతి గొట్టం మూతికీ, ప్రతి బోల్టు కన్నానికీ కందిరీగలు మట్టి గూళ్లు కట్టాయి. మూలనున్న సైకిలు పంపుని కూడా వదల్లేదు. హార్టిగన్ గుళికల డబ్బాల మూతలు పన్నెండూ తీసి, లోపలికి చూసి, మూసేశాడు.

"ఏమైనా ఉందా?" అంది లోర్నా.

"ఏమీ లేదు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో మరికాస్త అలసట కనిపించింది. ఏదో దొరికిందని ఆమెకు అర్థమైంది.

*

గురువారం హార్టిగన్ మంచం దిగలేదు. బర్రాగుల్ హోటల్ గదిలో మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, లోర్నా చేత మూడు ఫోన్లు చేయించాడు. ఒకటి సీసా పరీక్షించిన లాబొరేటరీకి. సీసాలో మిగిలింది పారేయొద్దనీ, మందు సంగతి వదిలేసి అందులోని నీళ్లని పరీక్షించమనీ అడిగించాడు. నది నీళ్లూ, కూలిబా బెండ్ బోరు నీళ్లూ చెరో సీసా బస్సులో పంపించాడు. రెండోది బెవ్‌కి. ముద్ర తీయని కొత్త డ్రమ్ము ఒకటి కెరిన్‌కి ఇవ్వమన్నాడు. మూడోది ట్రెలోర్‌కి.

"శుక్రవారం పదింటికి రన్‌వే దగ్గరికి రమ్మను. ప్రైక్‌ని కూడా తీసుకురమ్మను. పన్నెండింటికి పోలీసు స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే అక్కడి నుంచే దగ్గర."

"మీకు తెలిసిపోయింది," అంది లోర్నా.

"ఎవరో తెలిసింది. ఎందుకో కూడా తెలిసేలా ఉంది. అదే బాధ," అని ఆయన గోడ వైపు తిరిగాడు.

*

శుక్రవారం పదింటికల్లా షెడ్డులో ఎండ రేకుల్లోంచి దిగుతోంది. ట్రెలోర్ నిలబడే ఉన్నాడు. ప్రైక్ ఒక డ్రమ్ము మీద కూర్చున్నాడు. నెవిల్ తన భార్య ఉతికిచ్చిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టుకొచ్చినవాడిలా చేతులు కట్టుకుని ఉన్నాడు. కెరిన్ చేతిలో మూతపెట్టిన గాజు పళ్లాలు నాలుగున్నాయి. లోర్నా చేతిలో ఆ ఉదయం వచ్చిన ఫ్యాక్స్ ఉంది.

"తొందరగా కానివ్వండి," అన్నాడు ట్రెలోర్.

"మీరు మూడు సంగతులు కలిపి ఒకటిగా చూశారు," అని మొదలుపెట్టాడు హార్టిగన్. "పురుగు చావలేదు. సీసాలో మందు పల్చగా ఉంది. కాబట్టి నెవిల్ దొంగ. నేను వాటిని విడదీశాను. మొదట పురుగు. బెవ్ సాళ్లకి అడ్డంగా ఎగిరింది. మందు పల్చనైతే చేనంతా పురుగు బతకాలి. పోనీ, సగంలో పల్చబడిందనుకుందాం, అప్పుడు బతికిన పట్టీ విమానం దారినే, అంటే సాళ్లకి అడ్డంగా ఉండాలి. కానీ పురుగు చచ్చిన పట్టీ సాళ్ల వెంట ఉంది. సరిగ్గా ఇరవై నాలుగు సాళ్లు. అంటే విమానం ప్రతిసారీ ఆ ఇరవై నాలుగు సాళ్ల మీద నుంచీ, మిగతా వాటి మీద నుంచీ ఒకే ఊపులో, ఒకే మందు చల్లుకుంటూ పోయింది. ఒక చోట చచ్చింది, పక్క సాలులో చావలేదు."

"అయితే?"

"తేడా మందులో లేదు. నేలలో ఉంది, లేకపోతే పురుగులో ఉంది. కెరిన్, చెప్పమ్మా."

కెరిన్ పళ్లాలు డ్రమ్ము మీద పెట్టింది. "ముద్ర తీయని డ్రమ్ములోంచి మందు తీసి, సరైన కొలతలో కలిపి, ఆకులు ముంచాను. ఇరవై గంటలైంది. ఈ రెండూ చేను నడుమవి. చూడండి."

ట్రెలోర్ వంగి చూశాడు. పేనుబంక ఆకు మీద హాయిగా నడుస్తోంది. ఒకటి పిల్లని కంటోంది.

"ఇవి గట్టు పక్క సాళ్లవి." అందులో ఏదీ కదల్లేదు.

"సరైన మందులో ముంచినా చావలేదా?" అన్నాడు ట్రెలోర్. అతని గొంతు మొదటిసారి తగ్గింది. "ఎట్లా?"

"మన ఒంట్లోలాగే వాటి ఒంట్లో కూడా ఒక నరం ఇంకో నరానికి కబురందించాలంటే ఒక రసం చుక్క విడుస్తుందండి," అంది కెరిన్. "కబురందగానే ఆ చుక్కని తుడిచెయ్యడానికి ఒక ఎంజైము ఉంటుంది. తుడవకపోతే కబురు ఆగదు, నరం కొట్టుకుని కొట్టుకుని పురుగు చస్తుంది. మన మందు చేసే పని ఆ ఎంజైము నోట్లో అడ్డంపడ్డమే. ఆ ఎంజైము వందల పూసల దండ లాంటిది. ఏ పూస ఎక్కడుండాలో జన్యువులో రాసి ఉంటుంది. ఎప్పుడో ఒక పురుగులో ఆ రాత ఒక్కచోట మారింది. నోటి దగ్గర చిన్న పూస ఉండాల్సిన చోట పెద్ద పూస వచ్చి కూర్చుంది. కబురు చుక్క చిన్నది, సందులోంచి దూరుతుంది. మందు దూరలేదు. అంతే."

"ఒక్క పురుగులో మారితే నూటిరవై ఎకరాలు ఎట్లా నిండుతుంది?"

"ఇవి ఈ ఎండాకాలంలో మగ తోడు లేకుండానే కంటాయి. తల్లి ఎలా ఉంటే పిల్లలన్నీ అచ్చంగా అలాగే. వారానికో తరం. కానీ మామూలుగా అయితే అలాంటివి వెయ్యిలో ఒకటో రెండో ఉంటాయి, మిగతా వాటి మధ్య నలిగిపోతాయి. మిగతా వాటన్నిటినీ ముందే ఎవరో చంపేసి, వీటికి చేను ఖాళీ చేసివ్వాలి."

ముసలి కుక్క లేచి, ఒకసారి తిరిగి, మళ్లీ పడుకుంది.

"గుళికలు," అన్నాడు హార్టిగన్. "గుళికల మందూ, విమానంలో కొట్టిన మందూ వేర్వేరు పేర్లతో వస్తాయి గానీ రెండూ అడ్డంపడేది ఆ ఒక్క ఎంజైముకే. అందుకే మీ లోయ రైతులు ఆ ఒప్పందం రాసుకున్నారు. అక్టోబరులో ఈ చేనులో ఎవరో గుళికలు వేశారు. మామూలు పేనుబంక చచ్చింది, మారినది మిగిలింది. జనవరిలో మీరు మళ్లీ దానికి పనిచెయ్యని మందే కొట్టారు. విత్తే యంత్రం ఒక దఫాకి పన్నెండు సాళ్లు విత్తుతుంది. చివరి రెండు దఫాలకి గుళికలు చాల్లేదు. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు. ఆ సాళ్లలో మామూలు పురుగే ఉంది, మందు పడగానే చచ్చింది."

"మా దగ్గర గుళికల్లేవు!" అన్నాడు ట్రెలోర్.

"మీ షెడ్డులో కందిరీగలు సైకిలు పంపులో కూడా ఇల్లు కట్టాయి. మూడేళ్లుగా ముట్టుకోని గుళికల డబ్బాలు పన్నెండింట్లో ఒక్క మట్టి గూడు లేదు. ఎవరో తుడిచి, బ్రష్షుతో కడిగారు." ఆయన లోర్నా వైపు తిరిగాడు. "ఇప్పుడు సీసా. లోర్నా."

లోర్నా ఫ్యాక్స్ చదివింది. సీసాలోని నీళ్లలో సోడా ఉప్పు చాలా ఎక్కువ. నది నీళ్లలో అది లేనట్టే. కూలిబా బెండ్ బోరు నీళ్లలో ఉంది.

"నెవిల్ ఇక్కడ నది నీళ్లతోనే కలుపుతాడు," అన్నాడు హార్టిగన్. "సీసాలో సగం పారబోసి, కమతం నుంచి తెచ్చుకున్న నీళ్లు పోశారు. పోసినవాడు సగమే చేద్దామనుకున్నాడు. కానీ ఆ సోడా నీళ్లు ఈ మందుని తినేస్తాయి. అందుకే మూడో వంతు కూడా మిగల్లేదు. ఆ నీళ్లతో మందు కలపకూడదని ఇరవై ఆరేళ్లు కలిపినవాడికి తెలుసు. మందు కలపాల్సిన అవసరం లేనివాడికి, ఎప్పుడూ విమానాన్ని పిలిచేవాడికి తెలియదు. కమతంలోనే ఉంటూ ఆ నీళ్లు ఎప్పుడూ తన బండిలో పెట్టుకు తిరిగేవాడు, ఆదివారం ఉదయం ఈ ఫ్రిజ్ దగ్గర ఒంటరిగా కూర్చున్నవాడు ఒక్కడే."

డగ్లస్ ప్రైక్ అప్పటికే నేలకేసి చూస్తున్నాడు.

"డగ్?" అన్నాడు ట్రెలోర్.

"నలభై సంచులు మిగిలాయండి," అన్నాడు ప్రైక్. గొంతు చాలా మామూలుగా ఉంది, ఎవరికో దారి చెబుతున్నట్టు. "మూడేళ్ల కిందటివి. తిరిగిచ్చెయ్యమన్నారు మీరు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కరువు రోజుల్లో మా నాన్న గోనెసంచి కూడా పారేసేవాడు కాదు. ఈ ఏడాది మొదటి విత్తనం సగం మొలవలేదు. వేరుపురుగని భయమేసింది. సంచులు పడే ఉన్నాయి కదా, పాతవి, పదును కూడా పోయుంటుంది, ఏం కాదులే అనుకున్నాను. డైరీలో రాయలేదు. తర్వాత పేనుబంక చావకపోయేసరికి..." అతను తల పైకెత్తాడు. "కెరిన్ వచ్చి నేలలో తవ్వి చూస్తానంది. తెలిస్తే మీరు నన్నుంచరు. ఇల్లు కూడా మీదే కదా. మందు మీదికి తోసేస్తే నేల సంగతి ఎవరూ అడగరనుకున్నాను. నెవ్ పేరు నేను తలవలేదు. మందు కంపెనీ మీద పడుతుందనుకున్నాను. నిజం."

"పడింది మాత్రం నా మీద," అన్నాడు నెవిల్.

"పడ్డాక నోరు విప్పలేకపోయాను గురూ."

ట్రెలోర్ ముఖం ఇంకా ఎర్రబడింది. సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. తర్వాత నెవిల్ వైపు తిరిగాడు.

"ఫెన్విక్. నేను తొందరపడ్డాను. ఊళ్లో కూడా చెబుతాను."

"రొట్టెల కొట్లో చెప్పండి," అన్నాడు నెవిల్. "మిగతా ఊరికి వాళ్లే చెబుతారు."

బెవ్ పకపకా నవ్వింది. నవ్వుతూనే, పనిలోంచి ఆపిన రోజు తీసుకున్న అతని లైసెన్సు కార్డు జేబులోంచి తీసి, నెవిల్ ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టింది. "సోమవారం ఆరింటికి రా. ఈయన చేనుకి వేరే జాతి మందు కొట్టాలి. నువ్వు కలపకపోతే నేను ఎగరను."

ట్రెలోర్ కాదనలేదు.

"సాయంత్రానికే అంటే కుదరదండి," అన్నాడు నెవిల్ ఉన్నట్టుండి. "ప్రైక్ ఇల్లు. వాళ్లావిడ పెరట్లో వేసిన చిక్కుళ్లు ఇంకా కోతకి రాలేదు. నెల ఇవ్వండి."

"నీకెందుకయ్యా అది? నీ పేరు మీదికి తెచ్చినవాడు!"

"నా పేరు నాకొచ్చేసింది కదండీ."

ట్రెలోర్ తల అడ్డంగా ఊపాడు. వెళ్లి కారెక్కాడు. కారు కదిలే ముందు కిటికీలోంచి, "నెల," అన్నాడు. "ఒక్క రోజు ఎక్కువ కాదు."

కెరిన్ పళ్లాలు సర్దుకుంది. బతికిన పురుగులున్న రెండింటినీ గుడ్డలో చుట్టి, పిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. "ఇవి పరిశోధన కేంద్రానికి వెళ్లాలి," అంది లోర్నాతో. "పక్క చేలల్లో కూడా వెతకాలి. ఒక మనిషి మీద కేసు ఒక ఉదయంలో తేలిపోతుంది. ఇది మాత్రం మేం పోయాక కూడా ఉంటుంది."

హార్టిగన్ మిరియాల చెట్టు కింద నిలబడి ఉన్నాడు. లోర్నా దగ్గరికెళ్లింది. ఇరవై నాలుగు సాళ్లు, కందిరీగలు, టీ, ఒక్కొక్కటీ తనూ చూసింది. చూసి, దాటి వెళ్లిపోయింది. ఆ మాటే ఆయనతో అంది.

"నువ్వు చూశావు కాబట్టే రాసుకున్నావు. రాసుకున్నావు కాబట్టే నేను నిద్రపోగలిగాను," అన్నాడాయన. "పద. ఇంటికెళ్లి బూట్లు విప్పాలి."

షెడ్డు పక్కన డగ్లస్ ప్రైక్ తన బండిలో కూర్చుని ఉన్నాడు. తాళంచెవి కన్నంలో పెట్టబోతే జారిపోతోంది. ఒకసారి కింద పడేసి, వంగి వెతుక్కున్నాడు. మళ్లీ పడేశాడు. నెవిల్ కాసేపు దూరం నుంచే చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని నడిచి వెళ్లి, డ్రైవరు పక్క తలుపు తీశాడు.

"నిన్ను నాలుగు తన్నాలనుంది డగ్. ఈ ఎండలో ఓపిక లేదు," అన్నాడు. "తాళంచెవి ఇటివ్వు. మీ ఆవిడకి నువ్వొక్కడివే ఎలా చెబుతావు? జరుగు."

ప్రైక్ జరిగాడు.